సెన్సార్ ఎర్త్‌ను బాడీకి బిగించినవాడి మాట

ముప్పై ఎనిమిదేళ్లు బండ్ల వైరింగ్ చేశాను. నారాయణఖేడ్ బస్ డిపోకు కూతవేటు దూరంలో నా షాపు ఉండేది. పేరు ఖాజా మియా, పిలిచేవాళ్లందరికీ ఖాజా భాయ్. నిరుడు షట్టర్ దించేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడుగుతుంటారు, బయట కొన్న ఈసీయూకు, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బాకు, సెన్సార్లు కలపడం కష్టమా అని. కష్టమేమీ కాదు. ఒక్కో సెన్సార్‌కు మహా అయితే మూడు వైర్లు ఉంటాయి. ఆ మూడింటిలో ఒకటి తప్పు కట్టి, ఆ తర్వాత నోరు మూసుకుని, నేనొక మనిషి బతుకు ఆగం చేశాను. అది రాయడానికే కూర్చున్నాను. చదువుతుంటే నామీద కోపం వస్తే రానివ్వండి. రాస్తుంటే నాకూ వస్తోంది.

బల్బు ఉస్తాద్

నాకు పని నేర్పింది గఫూర్ ఉస్తాద్. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక బల్బు ఉండేది. దానికి రెండు వైర్లు, ఒకదాని కొసకు సూది. ఏ బండి వచ్చినా సూదితో వైరు పొడిచి చూసేవాడు. బల్బు వెలిగితే కరెంటు ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. ఎర్త్ సంగతి, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి సంగతి, అడిగితే బానెట్ మీద అరచేత్తో కొట్టి చెప్పేవాడు.

"గిదంత ఎర్తే. ఏ బోల్టు కనవడితే గా బోల్టుకు బిగియ్యి. దిమాక్ ఖరాబ్ చేసుకోకు."

పాత జీపులకు, ట్రాక్టర్లకు ఆ చదువు సరిపోయింది. హారన్‌కూ లైటుకూ ఏ బోల్టయితే ఏమిటి? ఆ తర్వాత కంప్యూటర్ బండ్లు వచ్చాయి. మా ఉస్తాద్ మారలేదు, ఆయన బల్బూ మారలేదు.

ఒకరోజు నాగల్‌గిద్ద నుంచి ఒక కారు వచ్చింది. స్టార్ట్ కావడం లేదు. దాని క్రాంక్ దగ్గర, అంటే ఇంజన్ తిప్పే ఇరుసు దగ్గర, మూడు వైర్ల సెన్సార్ ఉంది. పాత రెండు వైర్ల సెన్సార్ అయస్కాంతంతో తానే కొంచెం కరెంటు పుట్టిస్తుంది. మూడు వైర్లది అలా కాదు. ఒక వైరు దానికి కరెంటు తెస్తుంది, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. సిగ్నల్ వైరులోకి అది కరెంటు పంపదు. ఎదురుగా పళ్ల చక్రం తిరుగుతుంటే ఒక్కో పన్నుకు ఆ లైను వోల్టేజిని కిందికి, ఎర్త్ దాకా, లాగి వదులుతుంది, అంతే. లైనును మళ్లీ పైకి ఎత్తి పట్టుకోవడం, ఆ పళ్లు లెక్కపెట్టి ఇంజన్‌ను నడపడం ఈసీయూ పని. ఉస్తాద్‌కు ఇదేమీ తెలియదు, నాకూ అప్పుడు తెలియదు. ఆయన బల్బు ఒక కొసను బ్యాటరీకి పెట్టి, రెండో కొసతో సిగ్నల్ వైరు పొడిచాడు. బల్బు తాగేంత కరెంటు ఆ చిన్న సెన్సార్ గుండా పోయింది. ఒక్క మెరుపు మెరిసి బల్బు ఆరిపోయింది. లోపల సెన్సార్ కాలింది.

అసలు ఆ కారుకు వచ్చిన తంటా బ్యాటరీ దగ్గర వదులైన బిగింపు. సెన్సార్‌ను చంపింది మేము. ఉస్తాద్ బండి యజమాని వైపు తిరిగి, కన్నార్పకుండా చెప్పాడు: "మీకు ఎవడో డూప్లికేట్ సామాన్ ఏసిండు లోపట. గందుకే కాలింది."

ఆ మనిషి పాపం నమ్మాడు. నేను పక్కన నిలబడి తల ఊపాను. ఉస్తాద్‌ను తిట్టుకుంటూ ఎన్నో ఏళ్లు గడిపాను గానీ ఆ తల ఊపింది నేనే. బల్బుతో సెన్సార్‌ను పొడవకూడదని ఆ రోజు నేర్చుకుని మీటర్ కొన్నాను. తప్పును ఎదుటివాడి మీదికి తోసేయడం కూడా ఆ రోజే నేర్చుకున్నాను. మీటర్ కంటే అది నాకు ఎక్కువ అక్కరకొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

నాలుగు నల్ల వైర్లు

చాలా ఏళ్ల తర్వాత, ఉస్తాద్ పోయి షాపు పూర్తిగా నాదయ్యాక, శివరాజ్ పటేల్ తన వ్యాన్ తెచ్చాడు. నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్దకు మనుషులను తిప్పే బండి అది. వాన నీళ్లు దిగి దాని ఈసీయూ చచ్చిపోయింది. పాత మోడల్ కాబట్టి కంపెనీది దొరకదు. పటేల్ పట్నం పోయి, ఏ ఇంజన్‌కైనా పెట్టుకోవచ్చని చెప్పి అమ్మే ఈసీయూ ఒకటి కొనుక్కొచ్చాడు. డబ్బా, ఒక వైర్ల కట్ట, చీమ తలలంత అక్షరాలతో ఇంగ్లీషు కాగితం ఒకటి.

నేను ఆ పని చేయగలనని చూపించుకోవాలని నాకు ఉబలాటం. ఈ చుట్టుపక్కల ఎవరూ చేయలేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని క్రాంక్ చక్రానికి ఎన్ని పళ్లో లెక్కపెట్టి ఎక్కించాను. సిగ్నల్ లైనును పైకి ఎత్తి పట్టే ఏర్పాటు ఆన్ చేశాను. లైను కిందికి పడేటప్పుడు లెక్కించాలా, పైకి లేచేటప్పుడా అన్నది రెండు రకాలుగానూ పెట్టి చూసి సరైనది ఎంచుకున్నాను. సిగ్నల్ వైరును స్పార్క్ ఇచ్చే కాయిల్ వైర్లకు దూరంగా, మీద తీగ జాలీ అల్లిన తొడుగులో తీసుకెళ్లాను. ఆ జాలీని ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి, రెండు వైపులా చేయకూడదు. అదీ సరిగ్గానే చేశాను. ఇవన్నీ గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంత తెలిసినవాడు, తెలియక చేశానని తప్పించుకోలేడని చెబుతున్నాను.

వైర్ల కట్టలో నాలుగు నల్ల వైర్లు ఉన్నాయి. మూడు లావువి, ఇంజన్ ఎర్త్‌కు. నాలుగోది సన్నది, సెన్సార్ల ఎర్త్ అని దాని మీద చీటీ. అది డబ్బా లోపలి నుంచి నేరుగా సెన్సార్ దగ్గరికి పోవాలి. మధ్యలో బాడీని తాకకూడదు. ఆ వైరు నా చేతిలో సెన్సార్ దాకా అందలేదు, మూర తక్కువైంది. అతుకు వేసి పొడిగించాలంటే కట్టిన టేపంతా విప్పాలి. డబ్బా అమ్మినవాడికి ఫోన్ చేశాను.

"ఎర్త్ అంటే ఎర్తే గద భాయ్. బాడీకి బిగించెయ్. మేం రోజూ చేస్తం," అన్నాడు వాడు. అటువైపు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

వాడి డబ్బాతో వచ్చిన కాగితాన్ని వాడు చదివి ఉండడు. అమ్మడం తప్ప ఇంకేమీ తెలియనివాళ్లు ఈ ధందాలో బోలెడు మంది ఉన్నారు. వాళ్లను అడగడం, గుడ్డివాణ్ణి దారి అడగడం ఒకటే. కానీ వాడు చెప్పింది మా ఉస్తాద్ మాటే, నా చేతులకు అలవాటైన మాట. సన్న వైరును వదిలేసి, సెన్సార్ ఎర్త్ వైరు కొసకు రింగు కొట్టి దగ్గర్లో కనపడిన బోల్టుకు బిగించాను. రేడియేటర్ ఫ్యాన్ ఎర్త్ కూడా అదే బోల్టుకు ఉంది. బోల్టు కింద తుప్పు. గీకలేదు.

బండి ఒక్క తిప్పుకు స్టార్ట్ అయింది. డిపో దాకా పోయి తిరిగొచ్చాను. ఫ్యాన్ తిరిగేంత వేడి ఎక్కేదాకా ఆగి చూడలేదు. పటేల్ నా భుజం తట్టాడు.

మాణిక్ మూడుసార్లు చెప్పాడు

ఆ వ్యాన్ డ్రైవర్ పేరు మాణిక్. నాగల్‌గిద్ద వైపు మనిషి, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడతాడు. పదకొండేళ్లుగా అదే రూటు. పొద్దున్నే కూలికి పోయేవాళ్లను దించి, మధ్యాహ్నం సంతకు వచ్చినవాళ్లను ఎక్కించుకుని పోతాడు. నా పని అయిన వారానికి షాపుకు వచ్చాడు.

"భాయ్, బండి ఝట్క ఇస్తుంది. ఫ్యాన్ తిరిగినప్పుడే ఇస్తుంది, చూసిన నేను."

"ఫ్యాన్‌కు ఝట్కకు ఏం సంబంధంరా? ఎక్సిలేటర్ మీద కాలు సక్కగ పెట్టు," అన్నాను.

మళ్లీ వచ్చాడు. "కాలు కాదు భాయ్. ఎక్కుడుల లోడ్ మీద వోతె వేడెక్కుతది, ఫ్యాన్ తిరుగుతది, ఇంజన్ మీటర్ ముల్లు పడిపోయి లేస్తది." మూడోసారి వచ్చినప్పుడు షాపులో నలుగురు ఉన్నారు. "ఇంజనీర్ సాబ్ వచ్చిండు, కుర్సీ ఎయ్యండి," అన్నాను. అందరూ నవ్వారు. మాణిక్ కూడా నవ్వాడు. ఇక రాలేదు.

ఇప్పుడు చెబుతున్నాను వినండి. ఆ డ్రైవర్ రోగాన్ని, కారణాన్ని, అది ఎప్పుడు వస్తుందో కూడా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఏ మీటరూ నాకు అంత సాఫుగా చెప్పలేదు. వాడికి చదువు లేదని, స్టీరింగ్ తిప్పేవాడికి వైరింగ్ ఏం తెలుసని నా పొగరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పట్టుకోవడం చేతగాక వాడి కాలు మీద నెపం పెట్టాను. ఈ రోజుకీ ప్రతి షాపులో డ్రైవర్లతో ఇలాగే మాట్లాడుతున్నారు. అది వినపడితే నాకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది, ముందు నాదే.

పది రోజులకు, ఎండ మండుతున్న మధ్యాహ్నం, నిండా మనుషులతో వ్యాన్ ఎత్తు ఎక్కి అవతలి వైపు దిగుతోంది. ఎక్కిన వేడికి ఫ్యాన్ తిరిగింది. మలుపు దగ్గర ఇంజన్ ఆగిపోయింది. ఇంజన్ సాయం పోయి స్టీరింగ్ బిర్రుగా పట్టేసింది, బ్రేకు రాయిలా అయింది. బండి రోడ్డు దిగి కందిచేనులో పడింది. ముందు నుంచి రెండో సీటులో ఉన్న తుల్జమ్మ అనే పెద్దామెకు తుంటి దగ్గర కాలు విరిగింది. మిగిలినవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు.

ఇంజన్ తనంతట బంద్ అయిందని మాణిక్ మొత్తుకున్నాడు. పటేల్ వచ్చి తాళం తిప్పాడు. అప్పటికి చల్లారిన ఇంజన్ చక్కగా స్టార్ట్ అయింది. ఇంకేముంది? నిద్రపోయి ఉంటాడన్నారు. సాయంత్రానికి నిద్రపోయాడన్నారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు అందరి కోపం వాడి మీద పడింది.

మూడో రోజు నేను చేసిన పని

మూడో రోజు వ్యాన్‌ను నా షాపుకే తెచ్చారు. ఎవరూ లేనప్పుడు స్టార్ట్ చేసి వదిలేశాను. ఇంజన్ వేడెక్కింది, ఫ్యాన్ తిరిగింది. ముల్లు పడింది, ఇంజన్ ఆగింది.

మీటర్ తీసి ఆ బోల్టు దగ్గర పెట్టాను. ఫ్యాన్ కరెంటంతా తుప్పు పట్టిన ఆ బోల్టు గుండా పోతోంది. సాఫీగా పోలేక అక్కడ వోల్టేజి లేస్తోంది. సెన్సార్ లైనును కిందికి లాగుతూనే ఉంది, కానీ దానికి కింద అనేదే పైకి లేచింది. ఈసీయూకు పళ్లు కనపడక లెక్క తప్పింది. లెక్క తప్పితే ఇంజన్ ఆపేయాలి కాబట్టి ఆపేసింది. డబ్బా తప్పు లేదు. సెన్సార్ తప్పు లేదు. మాణిక్ తప్పు అసలే లేదు.

నేను రింగు కోసేశాను. టేపంతా విప్పి, సన్న నల్ల వైరుకు అతుకు వేసి, సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి సెన్సార్ దాకా తీసుకెళ్లాను. గంట పని. మొదటి రోజు బద్ధకించిన ఆ గంటే. పైన మళ్లీ టేపు చుట్టి, ఏం చేశానో పటేల్‌కు చెప్పకుండా బండి ఇచ్చేశాను. పనివాడినని ఈ ఊరిలో నాకున్న పేరు పోతుందని భయం. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

తర్వాత జరిగింది చూడండి. కొత్త డ్రైవర్ వచ్చాడు. బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? పటేల్ బండ్ల అడ్డా మీద అందరికీ చెప్పుకునేవాడు.

"డ్రైవర్ మారంగనే బండి బాగైంది చూసిన్రా? బండిల ఏం లేకుండె. వాని కండ్లల్లనే ఉండె రోగం."

నేను దొంగచాటుగా చేసిన రిపేరే మాణిక్ మీద సాక్ష్యమైంది. ఆ తర్వాత వాడికి ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు. నిద్రపోయే డ్రైవర్ బండి ఎవరెక్కుతారు? పట్నంలో ఇసుక మోసే పనికి పోయాడని విన్నాను. నాలుగు నెలలు నేను రోజూ షట్టర్ తీసి, అందరికీ సలాం చెప్పి, చాయ్ తాగి బతికాను. ఆ నాలుగు నెలల మీద నాకు ఉన్నంత అసహ్యం నా జీవితంలో ఇంక దేనిమీదా లేదు.

ఎవరూ అడగని సాక్షి

ఒకరోజు పదకొండు గంటలప్పుడు తుల్జమ్మ కర్ర పట్టుకుని దవాఖాన నుంచి వస్తూ, ఆటో కోసం నా షాపు ముందు కూర్చుంది. నీళ్లిచ్చాను.

"ఆ డ్రైవర్ ముండకొడుకు నిద్రవోబట్టి గింత పని అయ్యింది అవ్వా," అన్నాడు పక్కనున్న ఆటోవాడు.

తుల్జమ్మ చెంబు కింద పెట్టింది. "ఎవలు చెప్పిన్రు నీకు నిద్రవోయిండని? నేను ఆని ఎనుకనే కూసున్న. రెండు చేతులతోని హ్యాండిల్ గుంజుతుండె. లేచి నిలవడి గుంజిండు. అవ్వా పట్టుకో అని నాతోని మొత్తుకున్నడు. నిద్రవోయినోడు మొత్తుకుంటడా?"

"మరి చెప్పకపోతివి అప్పుడు?" అన్నాడు ఆటోవాడు.

"నన్నెవలడిగిన్రు? కాలిరిగింది చూసిన్రు, పట్కపోయిన్రు. మా పోరగాండ్లకు చెప్తె, నీకేం తెలుసు ఊకో అన్నరు."

ఆమెకు చూసింది చెప్పే ధైర్యం ఉంది, అడిగినవాడు లేడు. నాకు తెలిసింది చెప్పే నోరుంది, తెరిచే మొహం లేదు. కాలు విరిగిన ముసలామె ఒక్కతే ఈ ఊరిలో వాడి తరఫున మాట్లాడుతోంది. ఆమె ముందు నిలబడలేక లోపలికి పోయాను. ఆ రోజు ఇంక ఏ బండినీ ముట్టలేదు.

మర్నాడు పొద్దున అడ్డాకు పోయాను. పటేల్ ఉన్నాడు, డ్రైవర్లు పదిమంది దాకా ఉన్నారు. వ్యాన్ బానెట్ తెరిచి, సన్న వైరు తీసేసి, సెన్సార్ ఎర్త్‌ను మళ్లీ పాత బోల్టుకే బిగించాను. "ఏం జేస్తున్నవ్ ఖాజా?" అని పటేల్ అరుస్తున్నాడు. స్టార్ట్ చేసి, అందరినీ నిలబడమన్నాను. పావుగంట పట్టింది. ఫ్యాన్ తిరిగింది, ఇంజన్ ఆగిపోయింది. కాసేపు చల్లారనిచ్చి ఇంకోసారి చూపించాను. మళ్లీ ఆగింది.

"మాణిక్ నిద్రవోలే. గీ వైరు నేను తప్పు కట్టిన. మూడో దినమే దొర్కింది నాకు. సక్కగ చేసి మీకు చెప్పలే," అన్నాను.

ఒక డ్రైవర్ నా కాళ్ల దగ్గర ఉమ్మాడు. పటేల్ మాత్రం నన్ను పక్కకు లాగి, "గింత చిన్న వైరుకు అడ్డా మీద లొల్లి ఎందుకు? నాకు చెవుల చెప్తె అయిపోవు గద?" అన్నాడు. నేను ఆ రోజు ఆయన మీద అరిచిన అరుపు డిపో దాకా వినపడిందంటారు. నిజానికి ఆయన మాటలో నాకు వినపడింది నాలుగు నెలల నా మాటే.

మాణిక్ వచ్చాడు

సెన్సార్ ఎర్త్ డబ్బాకే పోవాలి. ఫ్యాన్ తిరిగేదాకా, లైట్లు వేసి, లోడు పెట్టి చూడకుండా బండి ఇవ్వకూడదు. డ్రైవర్ చెప్పింది కాగితం మీద రాసుకోవాలి. తప్పు దొరికిన రోజే, దొరికిన గంటలోనే నోటితో చెప్పాలి. నా దగ్గర ఇంతకు మించిన విద్య లేదు. మిగిలింది ఆ ఇంగ్లీషు కాగితంలో ఉంది, చదువుకోండి.

ఆ వారంలోనే మాణిక్ వచ్చాడు. ఎండకు నల్లబడ్డాడు, చేతులు పగిలి ఉన్నాయి. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననే అనుకున్నాను. బల్ల మీద కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"ఫోన్ల చెప్పిన్రు. నేను నమ్మలే. నువ్వు చెప్పు భాయ్. నేను నిద్రవోలేదా?"

"పోలేదు."

"మంచిగ యాది చేసుకొని చెప్పు. పొద్దుగాల నాల్గింటికి లేసిన ఆ దినం. రెండు ట్రిప్పులు కొట్టిన. అందరు నిద్రవోయినవ్ నిద్రవోయినవ్ అంటె, కన్నంటుకున్నదేమో, నాకే ఎర్క లేదేమో అనుకున్న. ఇంజన్ బంద్ అయినట్టు కల వడ్డదేమో అనుకున్న. పట్నంల పండుకుందామంటె భయమైతుండె భాయ్, కండ్లు మూస్తె గా ముసలామె మొత్తుకునుడే."

"నువ్వు నిద్రవోలే మాణిక్. ఇంజన్ బంద్ అయ్యింది. నావల్ల."

"ఖుదా కసమ్?"

"ఖుదా కసమ్."

మాణిక్ జేబులోంచి ఫోన్ తీసి, నాకు వీపు తిప్పి నిలబడి, ఇంట్లో ఉన్న భార్యకు చేశాడు. అటు నుంచి ఆమె హలో అన్నదో లేదో, గట్టిగా అరిచాడు.

"వినవడుతుందా? నేను నిద్రవోలేదంట."